వెనక నుంచి గుద్దితే తప్పు ఎవరిది, ఖర్చు ఎవరిది?

రెండేళ్ల కిందట కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర రెడ్ సిగ్నల్ పడితే ఆగాను. రెండు మూడు సెకన్లు అయిందో లేదో, వెనక నుంచి ధడేల్‌మని దెబ్బ. దిగి చూస్తే బంపర్ ఒక పక్క వేలాడుతోంది, డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయింది, దాని అద్దం పగిలి రోడ్డంతా పరుచుకుంది. వెనక కారులోంచి ఒక కుర్రాడు దిగుతూనే "అన్నా, నువ్వు సడన్ బ్రేక్ కొట్టినవ్" అన్నాడు. అప్పటికే పోగైన జనంలోంచి ఒక పెద్దాయన "వెనకోడిదే తప్పు, ఎక్కడైనా అంతే" అని తీర్పు చెప్పేశాడు. ఇంకొకాయనకి తీర్పుతో పనిలేదు. "రెండు వేలిచ్చి పంపెయ్ తమ్మీ, జామ్ అయితాంది" అన్నాడు.

ఆ ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే, తప్పు ఎవరిదో తేలితే డబ్బు ఎవరిస్తారో కూడా తేలిపోతుందని మనం అనుకుంటాం. మన దేశంలో ఈ రెండూ చాలావరకు వేర్వేరు దారుల్లో నడుస్తాయి. తప్పు పూర్తిగా అవతలివాడిదే అయినా నా కారు బిల్లు నా ఇన్సూరెన్స్ కంపెనీకే వెళ్లింది.

"వెనకోడిదే తప్పు" అనే మాట ఎక్కడిది

1989 నాటి రోడ్డు నియమాల్లో 23వ నియమం ఇది: ముందు బండి హఠాత్తుగా నెమ్మదించినా, ఆగిపోయినా గుద్దుకోకుండా ఉండేంత దూరం వెనకవాడు పాటించాలి. "హఠాత్తుగా" అన్న మాట నియమంలోనే ఉందని గమనించాలి. ముందువాడు సడన్‌గా బ్రేక్ వేయవచ్చని చట్టం ముందే ఊహించి, దానికి సిద్ధంగా ఉండే బాధ్యతను వెనకవాడి మీద పెట్టింది. 2017లో ఆ పాత నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి, ఈ విషయంలో సారం మారలేదు.

ఎంత దూరం అన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండి ఎర్రలైట్లు వెలగడం మన కంటికి కనబడి, కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికే సెకను, సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పనిచేయడం మొదలవక ముందే 17 నుంచి 25 మీటర్లు అయిపోయినట్టే. అందుకే రెండు సెకన్ల దూరం ఉంచమంటారు: 60లో సుమారు 33 మీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో పోతుంటే సుమారు 67 మీటర్లు.

2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో లారీ వెనక వెళ్తున్న కారుకీ లారీకీ మధ్య ఉన్న దూరం 10 నుంచి 15 అడుగులు. లారీ ఒక్కసారిగా బ్రేక్ వేసిందన్నది కారు వైపు వాదన. కోర్టు 23వ నియమాన్ని ఎత్తి చూపి, ఆ దూరం చాలదు, నిర్లక్ష్యం కారు డ్రైవర్‌దే అంది. 60 వేగంలో అయితే 15 అడుగులు పావు సెకనులో కరిగిపోతాయి. ఇంచుమించు రెప్పపాటు కాలమే.

దీని మీద డ్రైవర్ల గోడు ఒకటుంది, అదీ కొట్టిపారేయాల్సింది కాదు. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ముందు బండికి 20 మీటర్ల దూరం ఇచ్చి చూడండి. అందులోకి రెండు ఆటోలు, నాలుగు బైకులు దూరతాయి. దూరం పాటించినవాడికి దూరమే మిగలదు. మరి నియమం ఎందుకు అంత కచ్చితంగా ఉందంటే, ముందువాడికి వెనక ఏం జరుగుతోందో అద్దంలో కనబడినంతే, తప్పించుకునే దారి కూడా తక్కువ. దూరమూ వేగమూ వెనకవాడి చేతిలో ఉంటాయి కాబట్టి మొదటి అనుమానం అతని మీదికే వెళ్తుంది. అయితే అది అనుమానమే. దాన్ని పోగొట్టుకునే అవకాశం అతనికి ఉంటుంది.

ముందువాడికీ వాటా పడేది ఎప్పుడు

అవే 1989 నియమాల్లో 23 పక్కనే 24 ఉంది. భద్రత కోసం తప్పనిసరైతే తప్ప ఏ డ్రైవరూ హఠాత్తుగా బ్రేక్ వేయకూడదు అంటుందది. వై జంక్షన్‌లో పెద్దాయన 23 చెప్తే కుర్రాడు 24 చెప్పాడన్నమాట, ఇద్దరికీ తెలియకుండానే. రెడ్ సిగ్నల్‌కి ఆగడం తప్పనిసరి కారణమే కనుక కుర్రాడి వాదన నిలవదు. ఖాళీ హైవే మీద అయితే కథ మారుతుంది.

2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకే అంత చర్చ అయింది. 2017 జనవరిలో కోయంబత్తూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ విద్యార్థి బైక్ మీద వెళ్తున్నాడు. ముందు కారు ఉన్నట్టుండి ఆగింది. బైక్ దాని వెనక తగిలి అతను కింద పడ్డాడు. వెనకే వచ్చిన బస్సు అతని మీదుగా వెళ్లింది. ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భవతి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉంటే ఆపానని కారు డ్రైవర్ చెప్పాడు. మనిషిగా ఎవరికైనా అర్థమయ్యే కారణమే. కానీ హైవే మీద వెనకవాళ్లకు ఏ సంకేతమూ ఇవ్వకుండా నడిరోడ్డున ఆపడానికి అది సరిపోదని కోర్టు అంది.

ఇక్కడ వాటాలు చూడాలి. ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ కారు డ్రైవర్‌ని పూర్తిగా వదిలేసి, 80 శాతం బస్సు మీద, 20 శాతం విద్యార్థి మీద వేసింది. హైకోర్టు కారుకి 40, బస్సుకి 30, విద్యార్థికి 30 అంది. సుప్రీంకోర్టు దగ్గరికి వచ్చేసరికి కారు 50, బస్సు 30, విద్యార్థి 20. సంఘటన ఒకటే, సాక్ష్యాలు అవే, మూడు మెట్ల మీద మూడు లెక్కలు. విద్యార్థికి ఆ 20 ఎందుకంటే, ముందు కారుకి చాలినంత దూరం పాటించలేదు, లైసెన్సూ లేదు. పరిహారం సుమారు 1.14 కోట్లుగా తేలితే, అందులో అతని వాటా పోగా చేతికొచ్చేది సుమారు 91.39 లక్షలు. బాధితుడి తప్పు ఎంత శాతమో పరిహారంలో అంత కోత పెట్టడాన్నే కోర్టు భాషలో కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు.

ఆగి ఉన్న బండి సంగతి ఇంకొకటి. రాత్రిపూట నడిరోడ్డు మీద పార్కింగ్ లైట్లు కూడా వేయకుండా ఆపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు వెనక నుంచి గుద్దిన కేసులో హైకోర్టు సగం తప్పు కారు మీద వేసింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సగాన్ని తీసేసింది. చీకట్లో కనబడని దానికి ఎంత దూరం పాటించగలరు ఎవరైనా? విజయవాడ హైవే మీద రాత్రిళ్లు ప్రయాణం చేసేవాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. చెట్టుకొమ్మ ఒకటి విరిచి వెనక అడ్డంగా పెట్టి, లారీ కింద పడుకునే డ్రైవర్లను చూసే ఉంటారు.

ఇవి కాక, ఉన్నట్టుండి లేన్ మారి ముందుకి దూరి బ్రేక్ కొట్టినవాడు, బ్రేక్ లైట్లు వెలగనివాడు, ఫ్లైఓవర్ ఎక్కుతూ హ్యాండ్ బ్రేక్ వేయక వెనక్కి జారినవాడు కూడా ఉంటారు. వెనక్కి జారిన కారు చేసే డెంట్, వెనక నుంచి గుద్దిన కారు చేసే డెంట్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డ్యాష్‌క్యామ్ లేకపోతే "నువ్వే గుద్దావు", "నువ్వే జారావు" దగ్గరే ఆగిపోతుంది.

మూడు కార్లు వరసగా గుద్దుకుంటే

మెహిదీపట్నం నుంచి వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పొద్దున పూట మూడు కార్లు వరసగా తగిలాయనుకుందాం. మధ్య కారువాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ముందువాడు అతన్ని తిడతాడు, అతను వెనకవాణ్ని తిడతాడు.

తేల్చాల్సింది వరస. మధ్య కారు సరిగ్గానే ఆగి, వెనక కారు కొట్టిన దెబ్బకి ముందుకి నెట్టుకుపోయి తగిలిందా? అలాగైతే భారమంతా వెనకవాడిదే. లేక మధ్య కారే మొదట ముందు కారుని గుద్దేసి, ఆ తర్వాత వెనకవాడు వచ్చి తగిలాడా? అప్పుడు ముందు కారు నష్టానికి మధ్యవాడు, మధ్య కారు డిక్కీకి వెనకవాడు జవాబుదారులు. ముందు కారులో కూర్చున్నవాళ్లు చెప్పే మాట ఇక్కడ బంగారం: దెబ్బ ఒక్కటే తెలిసిందా, రెండు తెలిశాయా? ఒక్కటే అయితే నెట్టుడే కావచ్చు.

మరకలు కూడా మాట్లాడతాయి. గట్టిగా బ్రేక్ తొక్కితే కారు ముక్కు కిందికి వంగి, వెనక భాగం పైకి లేస్తుంది. మధ్య కారు ముందు బంపర్ గీత ముందు కారు మీద ఉండాల్సిన ఎత్తు కంటే కింద పడితే, బ్రేక్ మీద ఉండగా అదే వెళ్లి గుద్దిందని అనుమానించవచ్చు. సరైన ఎత్తులో పడితే, ఆగి ఉండగా ఎవరో నెట్టారేమో అనుకోవచ్చు. నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ తరఫున వచ్చే అనుభవం ఉన్న సర్వేయర్ మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టి కొలిచేది దీనికోసమే. కార్లు పక్కకి తీయకముందు ఎవరైనా తీసిన నాలుగు ఫోటోలు ఉంటే అతని పని సగం అయినట్టే.

బిల్లు వేరే దారిలో పోతుంది

కారు పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ. ఇది చట్టప్రకారం అందరికీ తప్పనిసరి. మన బండికే జరిగిన నష్టానికి ఓన్ డ్యామేజ్, ఇది మన ఇష్టం. రెండూ కలిపి తీసుకుంటే కాంప్రహెన్సివ్ అంటాం.

ఓన్ డ్యామేజ్‌కి తప్పు ఎవరిదన్న పట్టింపు లేదు. నేనే వెళ్లి గుద్దినా ఇస్తుంది, నన్ను గుద్దినా ఇస్తుంది. తాగి నడిపితే, లైసెన్సు లేకపోతే మాత్రం ఇవ్వదు. కాబట్టి వై జంక్షన్ నుంచి నేను ఫోన్ చేసింది నా కంపెనీకే. తప్పు చేసినవాడి కంపెనీ నుంచి రాబట్టుకోవాలంటే థర్డ్ పార్టీ క్లెయిమ్ వేయాలి. దానికి మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి వెళ్లాలి, అక్కడ అవతలివాడి తప్పు రుజువు చేయాలి, పోలీసు రికార్డు కావాలి. బంపర్ కోసం ఎవరు తిరుగుతారు?

మన కంపెనీ మనకి ఇచ్చిన డబ్బును అవతలి కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. సూత్రప్రకారం అవును. ఆచరణలో కంపెనీల మధ్య నాక్ ఫర్ నాక్ అనే ఒప్పందం ఉంది: ఎవరి కస్టమర్ బండికి వాళ్లే ఇచ్చుకుందాం, ఒకరినొకరు అడగొద్దు. వేల కొద్దీ చిన్న క్లెయిముల్లో ఈసారి నేనిస్తే వచ్చేసారి నువ్విస్తావు, మొత్తానికి లెక్క సరిపోతుంది, కోర్టు ఖర్చు మిగులుతుంది అన్నది వాళ్ల తర్కం. తర్కంలో తప్పేమీ లేదు, మనకీ రిపేరు తొందరగా అవుతుంది. సరిపోయేది మాత్రం కంపెనీల లెక్క. ఏ తప్పూ చేయని కస్టమర్ లెక్క ఎలా ఉంటుందో నా బిల్లే చెప్తుంది.

నా బిల్లు, లైను లైనుగా

కారు వయసు అప్పటికి మూడున్నరేళ్లు, ఇంజన్ 1500 సీసీ లోపు. అర్థం కావడానికి అంకెలను కొంచెం గుండ్రం చేశాను. వెనక బంపర్ 9 వేలు, డిక్కీ తలుపు 14 వేలు, అద్దం 6 వేలు, లేబర్ 5 వేలు, పెయింటింగ్ 8 వేలు. మొత్తం 42 వేలు.

ఇందులోంచి తరుగుదల తీస్తారు. పాత భాగం పోయి కొత్తది వస్తోంది కాబట్టి ఆ తేడా యజమానే భరించాలన్నది సూత్రం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు కారు ఎంత కొత్తదైనా సగం కోత, కనుక బంపర్‌లో 4,500 పోయాయి. రేకు భాగాలకు వయసును బట్టి ఉంటుంది. మూడు, నాలుగేళ్ల మధ్య 25 శాతం, అంటే డిక్కీ తలుపులో 3,500. అద్దానికి కోత లేదు, లేబర్‌కీ లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీస్తారు. 8 వేలలో నాలుగో వంతు 2 వేలు, అందులో సగం వెయ్యి. మొత్తం కోత 9 వేలు. ఆపైన ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని పెట్టుకోవాల్సిన తప్పనిసరి వాటా, 1500 సీసీ లోపు కార్లకు వెయ్యి. కంపెనీ ఇచ్చింది 32 వేలు, నేను పెట్టింది 10 వేలు. తరుగుదల కోత లేని జీరో డిప్ తీసుకుని ఉంటే, అదే మనవాళ్లు బంపర్ టు బంపర్ అనేది, ఆ 9 వేలు కూడా వాళ్లే ఇచ్చేవారు.

కథ ఇక్కడితో అయిపోలేదు. క్లెయిమ్ చేయని ప్రతి ఏడాదికీ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ పెరుగుతూ వస్తుంది: 20, 25, 35, 45, చివరికి 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నా. పేరులోనే ఉంది, నో క్లెయిమ్. అది నో ఫాల్ట్ బోనస్ కాదు. నేను 35లో ఉన్నాను, రెన్యువల్‌లో 45 రావాల్సింది.

బోనస్ లేకుండా ప్రీమియం 10 వేలు అనుకుందాం, ఏటా అదే ఉంటుందనీ అనుకుందాం. మొదటి ఏడాది 5,500 బదులు 10 వేలు కట్టాలి, నష్టం 4,500. రెండో ఏడాది 5 వేల బదులు 8 వేలు, నష్టం 3 వేలు. ఆ తర్వాత వరసగా 2,500, 1,500, 500. ఐదేళ్లలో మొత్తం 12 వేలు. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది కొంత తక్కువే. అయినా చేతి నుంచి పెట్టిన 10 వేలు కలిపితే, సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగినందుకు నాకు పడిన ఖర్చు 20 వేల చుట్టుపక్కల.

రోడ్డు మీద బేరాలు పుట్టేది ఈ లెక్క నుంచే. రిపేరు 15 వేలే అయితే క్లెయిమ్ వేసి బోనస్ పోగొట్టుకోవడం కంటే గుద్దినవాడి దగ్గర డబ్బు తీసుకోవడమే లాభం అనిపిస్తుంది, చాలాసార్లు నిజం కూడా. కానీ బంపర్ లోపల ఏం వంగిందో రోడ్డు మీద కనబడదు. నా కారుకి అక్కడున్నవాళ్లు 5, 6 వేలు అవుతుందన్నారు. డబ్బు తీసుకుని "ఇంతటితో సరి" అని రాసిచ్చాక అదే నష్టానికి క్లెయిమ్ వేస్తే మన కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. ఇక తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ డబ్బిస్తానని మాటివ్వడం గానీ చేయకూడదన్న షరతు పాలసీల్లోనే ఉంటుంది. గుద్దినవాడు "నాదే తప్పు అన్నా" అనడానికి వెనకాడడంలో పొగరు ఒక్కటే కారణం కానక్కర్లేదు.

థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకు

పదేళ్లు దాటిన కార్లకు చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే వీళ్ల కంపెనీ వీళ్లకి ఒక్క రూపాయి ఇవ్వదు. వీళ్ల విషయంలో మాత్రం "తప్పు ఎవరిది" అన్నదే సర్వస్వం, ఎందుకంటే దారి ఒక్కటే: అవతలివాడి కంపెనీ, ట్రైబ్యునల్ ద్వారా. కార్ల పాలసీల్లో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల వరకు రక్షణ ఉంటుంది. కొంత ప్రీమియం మిగుల్చుకోవడానికి దాన్ని 6 వేలకు కుదించుకునే వీలుంది. మనల్ని గుద్దినవాడు ఏది ఎంచుకున్నాడో గుద్దేదాకా తెలియదు.

మనిషికి దెబ్బ తగిలితే

లెక్క మొత్తం మారేది ఇక్కడే. రేకు నష్టానికి పోలీసులు సాధారణంగా కేసు దాకా వెళ్లరు, రాజీ పడమంటారు. దెబ్బలు తగిలితే భారతీయ న్యాయ సంహితలో 281, 125 సెక్షన్లు, ప్రాణం పోతే 106 వస్తాయి. పోలీసులు ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కి పంపాలి. అయితే ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేరుంటే వాడిదే తప్పని ట్రైబ్యునల్ గుడ్డిగా ఒప్పుకోదు. ఏది ఎక్కువ నమ్మదగ్గదో తానే తూచుకుంటుంది.

కారులో ప్రయాణికుడిగా కూర్చున్నవాడి స్థితి మేలు. ముందు డ్రైవరూ వెనక డ్రైవరూ ఇద్దరూ తప్పు చేశారనుకోండి, అతనికి ఏ తప్పూ లేదు. దీన్ని కాంపోజిట్ నెగ్లిజెన్స్ అంటారు. అతను ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చు, వాటాలు వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి అని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తానే నడుపుతూ తప్పు చేసిన యజమానికి మాత్రం థర్డ్ పార్టీ వర్తించదు. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలన్న నియమం అతని కోసమే.

తప్పుతో సంబంధం లేకుండా వచ్చేవీ ఉన్నాయి. మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ప్రమాద బాధితుడికి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స. పూర్తి పరిహారం కోరుతూ ట్రైబ్యునల్‌కి వెళ్లడానికి 2022 ఏప్రిల్ నుంచి 6 నెలల గడువు పెట్టారు. అది న్యాయమా కాదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అవతలి బండికి ఇన్సూరెన్సే లేకపోతే

అప్పుడు బాధ్యత బండి యజమాని, డ్రైవర్ సొంత జేబుల మీద పడుతుంది. తీర్పు తెచ్చుకోవడం ఒక ఎత్తు, వసూలు చేసుకోవడం ఇంకో ఎత్తు.

ఆ రోజు వై జంక్షన్‌లో కుర్రాడి బండి నంబర్‌ని ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను. పాలసీ గడువు రెండు నెలల కిందటే అయిపోయింది. ఆ సంగతి చూపిస్తే అతని మొహం పాలిపోయింది. "రెన్యూ చేద్దామనే అనుకున్నానన్నా" అన్నాడు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారికి 2 వేల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ జరిమానా కట్టినా అది సర్కారు ఖజానాకే పోతుంది తప్ప నా బంపర్‌కి రాదు.